రిజర్వు బ్యాంకు లెక్క ఎవరికి చెప్పాలి?

పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు బేరం కుదిరాక చేతులు మారే ఐదువందల నోటును కాస్త దగ్గరగా పెట్టుకుని చూస్తే అందులో రెండు మాటలు కనిపిస్తాయి. ఒకటి కేంద్ర ప్రభుత్వం పూచీ. రెండోది, ఆ విలువ చెల్లిస్తానని మాటిస్తూ రిజర్వు బ్యాంకు గవర్నరు చేసిన సంతకం. రూపాయి నోటు మీద మాత్రం గవర్నరు సంతకం ఉండదు, ఆర్థిక శాఖ కార్యదర్శిది ఉంటుంది. ప్రభుత్వమూ రిజర్వు బ్యాంకూ వేరువేరన్న సంగతి నోట్ల మీదే అచ్చయి ఉందన్నమాట. మొదటి పూచీ ఇచ్చినవారిని శ్రీకాకుళం, విజయనగరం ఓటర్లు ఐదేళ్లకోసారి మార్చుకోగలరు. రెండో సంతకం చేసినవారు ఏ ఎన్నికలోనూ నిలబడరు.

నిలబడకూడదు కూడా. కానీ ఓటు అడగాల్సిన పనిలేని మనిషి తీసుకునే నిర్ణయం ఓటేసిన ప్రతి ఇంటి ఖర్చునూ మారుస్తున్నప్పుడు, ఆయన్ని నిలబెట్టి అడిగే హక్కు ఎవరికి ఉండాలి? ఆర్థిక మంత్రికా, పార్లమెంటుకా? ఆ అడగడం నిర్ణయానికి ముందా, తర్వాతా? మన దగ్గర ఈ చర్చ ఎప్పుడు వచ్చినా 'స్వతంత్రత కావాలా, అదుపు కావాలా' అన్న తగాదాగా మారిపోతుంది. నిజానికి ఆ రెండూ ఎదురెదురు పక్షాలు కావు.

వడ్డీ ఇంటిదాకా వచ్చే దారి

విజయనగరంలో ఒక ఉద్యోగి 2022 మొదట్లో 20 లక్షల గృహరుణం తీసుకున్నాడనుకుందాం. వడ్డీ 7 శాతం, గడువు ఇరవై ఏళ్లు. నెల వాయిదా 15,506 రూపాయలు. ఆ ఏడాది మే నెల మొదట్లో 4 శాతం ఉన్న రెపో రేటు, అంటే బ్యాంకులకిచ్చే అప్పు మీద రిజర్వు బ్యాంకు తీసుకునే వడ్డీ, 2023 ఫిబ్రవరికల్లా 6.5 శాతానికి చేరింది. 2019 అక్టోబరు 1 తర్వాత బ్యాంకులు ఇచ్చే ఫ్లోటింగ్ (వడ్డీ మారుతూ ఉండే) గృహరుణాలు, సూక్ష్మ, చిన్న పరిశ్రమల రుణాలు బయటి కొలమానానికి ముడిపడాలన్న నిబంధన ఉంది. ఎక్కువ బ్యాంకులు ఆ కొలమానంగా రెపోనే పెట్టుకున్నాయి. అందువల్ల రెండున్నర శాతం పెంపూ నేరుగా ఆ అప్పు మీద పడింది. 9.5 శాతం వడ్డీకి అదే 20 లక్షల వాయిదా 18,643 రూపాయలు. నెలకు 3,137 రూపాయలు ఎక్కువ.

ఊళ్లో వడ్డీని నూటికి నెలకు ఇంత అని లెక్కేస్తారు. ఆ లెక్కలో 58 పైసల వడ్డీ 79 పైసలైంది. పెరిగింది 21 పైసలే కదా అనిపిస్తుంది. అసలు ముప్పు వాయిదా పెంచకుండా గడువు పొడిగించిన అప్పుల్లో బయటపడింది. ఏడాది తిరిగేసరికి పై అప్పులో అసలు ఇంకా 19.7 లక్షల పైమాటే. దానిమీద 9.5 శాతం చొప్పున ఒక నెల వడ్డీయే 15,600 రూపాయలు దాటుతుంది. కట్టే వాయిదా 15,506. అంటే ప్రతి నెలా తప్పకుండా కడుతున్నా వడ్డీకే చాలడం లేదు, అసలు కరగకపోగా పెరుగుతోంది. ఇలా అసలు పెరిగే పరిస్థితి రాకూడదని, రేటు మారినప్పుడు వాయిదా పెంచుకోవాలో గడువు పెంచుకోవాలో స్థిర వడ్డీకి మారాలో కస్టమరే ఎంచుకునే వీలుండాలని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టు 18న బ్యాంకులకు ఆదేశాలిచ్చింది. రేట్లు శిఖరానికి చేరిన ఆరు నెలలకు వచ్చిన ఆదేశమది. 'ముందే ఎందుకు రాలేదు' అని నిలదీయాల్సిన చోటు ఒకటి ఉండాలి.

జీడి పరిశ్రమదీ ఇదే కథ. వేసవిలో పిక్క కొనుగోళ్లకు 50 లక్షల సీసీ లిమిట్ (వ్యాపారం నడపడానికి బ్యాంకు ఇచ్చే అప్పు హద్దు) పూర్తిగా వాడుకునే చిన్న యూనిట్‌కు రెండున్నర శాతం పెంపు అంటే ఏడాదికి లక్షా పాతిక వేలు. మరోవైపు, ఆ పెంపు లేకపోతే ధరలు ఇంకా పెరిగి, పప్పు ఒలిచే కూలీల రోజు కూలి విలువ తరిగిపోయేది. వడ్డీ పెంచితే ఒకరికి నష్టం, పెంచకపోతే ఇంకొకరికి. ఎవరి మీద ఎంత బరువు పడాలన్నది సాంకేతిక లెక్క మాత్రమే కాదు. అందుకే లెక్క వేసేవారిని అడిగేవారు కావాలి.

పగ్గాలు సభ చేతికి ఇస్తే

అలాగని రేటు ఎంతో సభలో ఓటేసి తేల్చుకుందామంటే కొంప మునుగుతుంది. వడ్డీ తగ్గించిన సంతోషం వెంటనే కనిపిస్తుంది, ధరల దెబ్బ ఏడాది తర్వాత తగులుతుంది. మధ్యలో ఎన్నికలు వచ్చిపోతాయి. తుర్కియేలో 2019 జులై నుంచి 2021 మార్చి వరకు ముగ్గురు గవర్నర్లను అధ్యక్షుడు వరుసగా తప్పించారు. ధరలు పెరుగుతున్నా వడ్డీ తగ్గించాలన్నది ఆయన పట్టు. 2022 అక్టోబరులో అక్కడి ద్రవ్యోల్బణం 85 శాతం దాటింది.

మనకూ ఇలాంటి అనుభవం ఉంది. 1955 నుంచి కేంద్ర ఖజానాలో నగదు ఒక స్థాయికి దిగితే చాలు, 'అడ్‌హాక్ ట్రెజరీ బిల్లులు' పుట్టేవి. ప్రభుత్వం కాగితం రాసిస్తే రిజర్వు బ్యాంకు డబ్బు జమ చేసేది. ఎంత వరకు అన్న హద్దు ఆచరణలో లేదు. 1994లో కుదిరిన ఒప్పందంతో దాన్ని దశలవారీగా తగ్గించి 1997 ఏప్రిల్‌లో ఆపేశారు. చేబదులుకు హద్దు పెట్టి 'వేస్ అండ్ మీన్స్ అడ్వాన్సులు' తెచ్చారు. నలభై ఏళ్లకు పైగా సాగిన ఈ అలవాటులో పార్లమెంటు ప్రత్యేకంగా ఆమోదించిన అప్పంటూ లేదు. రిజర్వు బ్యాంకు చేతులు కట్టేసి ఉన్న ఆ రోజుల్లో చట్టసభకేమీ అదనపు అధికారం దక్కలేదు. ఆర్థిక శాఖకు దక్కింది. ఇది గుర్తుంచుకోవాల్సిన తేడా.

చట్టంలో ఎవరి పేరుంది

1934 నాటి రిజర్వు బ్యాంకు చట్టాన్ని తిరగేస్తే ప్రతి ముఖ్యమైన చోటా కనిపించే మాట 'కేంద్ర ప్రభుత్వం'. గవర్నరును నియమించేది కేంద్రం. పదవీకాలం ఐదేళ్లకు మించకూడదని మాత్రమే సెక్షన్ 8 చెబుతుంది. ఎంత కాలమన్నది నియామకపు ఉత్తర్వులోనే కేంద్రం నిర్ణయిస్తుంది, ఆ తర్వాత పొడిగించనూవచ్చు. తిరిగి నియమిస్తారో లేదో తెలియని మనిషి చివరి ఏడాది ఎంత గట్టిగా నిలబడగలడో ఊహించడం కష్టం కాదు. సెక్షన్ 11 కింద తొలగించేదీ కేంద్రమే. ఫలానా తప్పు రుజువైతేనే అన్న షరతు అందులో లేదు. హైకోర్టు న్యాయమూర్తినో, ప్రభుత్వ ఖాతాలు తనిఖీ చేసే కాగ్‌నో తప్పించాలంటే పార్లమెంటు ఉభయ సభలూ తీర్మానించాలి. గవర్నరుకు ఆ రక్షణ లేదు.

సెక్షన్ 7 కింద, గవర్నరుతో సంప్రదించాక, ప్రజాప్రయోజనం పేరిట కేంద్రం రిజర్వు బ్యాంకుకు ఆదేశాలు ఇవ్వవచ్చు. 2018 అక్టోబరులో ఈ సెక్షన్‌ను ప్రస్తావిస్తూ సంప్రదింపులు మొదలయ్యాయి. బలహీన బ్యాంకుల మీద ఆంక్షలు, రిజర్వు బ్యాంకు నిల్వల్లో కేంద్రానికి ఎంత ఇవ్వాలన్నది అప్పటి గొడవలు. ఆదేశం దాకా రాలేదు గానీ ఆ డిసెంబరు 10న గవర్నరు ఉర్జిత్ పటేల్ వ్యక్తిగత కారణాలు చెప్పి రాజీనామా చేశారు. 1957 జనవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారితో పడక గవర్నరు బెనెగల్ రామారావు తప్పుకున్నప్పుడూ తగవు నడిచింది ఇద్దరి మధ్యే. ఆ రెండు సందర్భాల్లోనూ ఇరువైపుల వాదనలను చట్టసభ నేరుగా విని తేల్చింది లేదు. సెక్షన్ 7 ఆదేశం నిజంగా జారీ అయినా సభ ముందు పెట్టాలన్న నియమం ఆ సెక్షన్‌లో లేదు.

ఖాతాల తనిఖీకి ఆడిటర్లను నియమించేదీ కేంద్రమే. సెక్షన్ 51 ప్రకారం కావాలనుకుంటే కాగ్‌తో తనిఖీ చేయించవచ్చు, చేయించి తీరాలని లేదు. రిజర్వు బ్యాంకు బోర్డు చేసే నిబంధనలు మాత్రం సెక్షన్ 58 ప్రకారం సభల ముందుకు వస్తాయి. అయితే బ్యాంకుల రోజువారీ నడకను శాసించే సర్క్యులర్లు, మార్గదర్శకాలు చాలావరకు ఈ కోవలోకి రావు.

మొత్తం కలిపి చూస్తే రిజర్వు బ్యాంకు ఎవరికీ జవాబు చెప్పదన్న ఆరోపణ నిజం కాదు. చెబుతుంది, ఆర్థిక శాఖకు, తలుపులు మూసిన గదిలో. సమస్య అక్కడే ఉంది.

బయటికి రాని లేఖ

2016లో చట్టాన్ని సవరించి, రెపో రేటు ఎంతో తేల్చే ద్రవ్య విధాన కమిటీని పెట్టారు. ఆరుగురు సభ్యులు: రిజర్వు బ్యాంకు నుంచి ముగ్గురు, కేంద్రం నియమించే బయటి నిపుణులు ముగ్గురు. బయటివారి పదవి నాలుగేళ్లు, తిరిగి నియమించే వీల్లేదు. ఓట్లు సమానంగా చీలితే గవర్నరుకు రెండో ఓటు. ఎవరు ఎటు ఓటేశారో, ఎందుకు వేశారో సమావేశమైన పద్నాలుగో రోజున బయటపెట్టాలి. వడ్డీ మీద ఇంత స్పష్టత అంతకుముందు ఎన్నడూ లేదు, ఇది గట్టి మేలు. నియామకాల్లో జాప్యం జరిగితే ఏమవుతుందో కూడా 2020లో చూశాం. బయటి సభ్యుల పదవీకాలం ముగిసి కొత్తవారు రాకపోవడంతో సెప్టెంబరు 29న మొదలు కావాల్సిన సమావేశం అక్టోబరు 7కు జరిగింది.

ధరలు ఏడాదికి ఎంత పెరగవచ్చన్న లక్ష్యాన్ని ఐదేళ్లకోసారి కేంద్రమే నిర్ణయిస్తుంది. 2016లోనూ 2021లోనూ పెట్టింది 4 శాతం, అటూఇటూ 2 శాతం వెసులుబాటు. వరుసగా మూడు త్రైమాసికాలు సగటు ద్రవ్యోల్బణం 6 శాతం పైన గానీ 2 శాతం కింద గానీ ఉంటే విఫలమైనట్టు. అప్పుడు సెక్షన్ 45జడ్‌ఎన్ ప్రకారం మూడు సంగతులతో కేంద్రానికి నివేదిక రాయాలి: ఎందుకు తప్పింది, ఏం చేయబోతున్నారు, ఎప్పటికి మళ్లీ లక్ష్యానికి వస్తుంది.

2022లో జనవరి నుంచి సెప్టెంబరు దాకా మూడు త్రైమాసికాలూ 6 శాతం దాటాయి. నవంబరు 3న కమిటీ ప్రత్యేకంగా కూర్చుంది, నివేదిక వెళ్లింది. చట్టం వచ్చాక ఇలాంటి లేఖ రాయాల్సి రావడం అదే మొదటిసారి. దాన్ని తాము బయటపెట్టబోమని రిజర్వు బ్యాంకు అంది. డిసెంబరులో లోక్‌సభలో ఎంపీలు అడిగితే, నివేదికను బహిరంగపరచాలని చట్టంలో గానీ నిబంధనల్లో గానీ లేదని ఆర్థిక శాఖ జవాబిచ్చింది.

చట్టం అక్షరానికి ఆ జవాబు సరైనదే. చట్టం ఉద్దేశానికి మాత్రం కాదు. ఆ లక్ష్యాన్ని చట్టంలోకి తెచ్చింది పార్లమెంటు. లక్ష్యం తప్పితే కారణం రాయాలన్నదీ పార్లమెంటే. రాసిన కారణం మాత్రం పార్లమెంటుకు చేరలేదు. బ్రిటన్‌లో ధరల లక్ష్యం 2 శాతం. ఒక్క శాతం అటూఇటూ అయితే చాలు, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్ గవర్నరు ఆర్థిక మంత్రికి బహిరంగ లేఖ రాయాలి, మంత్రి జవాబుతో సహా అది ప్రచురితమవుతుంది. 2007 ఏప్రిల్‌లో మొదటి లేఖ వచ్చింది. ఆ తర్వాత చాలా వచ్చాయి. వాటివల్ల మార్కెట్లు కూలిపోయిందీ లేదు, గవర్నరు పరువు పోయిందీ లేదు. అమెరికాలో ఫెడరల్ రిజర్వ్ అధ్యక్షుడు 1978 చట్టం నాటి ఏర్పాటు ప్రకారం ఏడాదికి రెండుసార్లు కాంగ్రెస్ ఉభయ సభల సంఘాల ముందు, టీవీ కెమెరాల ఎదుట కూర్చుని ప్రశ్నలు ఎదుర్కొంటారు. యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు అధ్యక్షులు యూరోపియన్ పార్లమెంటు సంఘం ముందుకు మూడు నెలలకోసారి వస్తారు. స్వతంత్రతకు పేరుపడిన కేంద్ర బ్యాంకులే ఎక్కువగా జవాబు చెబుతున్నాయి.

నవంబరు 2016: అడిగినా ఆలస్యమే

శ్రీకాకుళం జిల్లాలో నవంబరు అంటే వరికోతలు, కుప్పలు, నూర్పులు. కూలీలకు రోజువారీ నగదు చేతిలో పెట్టాల్సిన నెల. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్లు రద్దయ్యాయి. చలామణిలో ఉన్న నోట్ల విలువలో 86 శాతం అవే. సెక్షన్ 26(2) ప్రకారం ఈ పని రిజర్వు బ్యాంకు సెంట్రల్ బోర్డు సిఫారసు మీద జరగాలి. బోర్డు సమావేశమైంది ఆ రోజు సాయంత్రమే. ఆలోచన ఎవరి దగ్గర మొదలైంది, బోర్డు ఎంతసేపు చర్చించింది, బోర్డు కాదంటే ఏమయ్యేది అన్నవి ఆ మర్నాడే ఎవరైనా అడగాల్సిన ప్రశ్నలు.

పార్లమెంటులో ఎంపీలతో ఏర్పడే ఆర్థిక స్థాయీ సంఘం, ప్రజాపద్దుల సంఘం గవర్నరును పిలిచి అడిగింది 2017 జనవరిలో. అప్పటికి కోతలు అయిపోయాయి. బ్యాంకులకు ఎంత తిరిగొచ్చిందన్న లెక్క తేలడానికి ఇంకా కాలం పట్టింది. 2018 ఆగస్టు చివర్లో వచ్చిన వార్షిక నివేదికలో తుది అంకె ఉంది: రద్దయిన 15.41 లక్షల కోట్లలో 15.31 లక్షల కోట్లు తిరిగొచ్చాయి, 99.3 శాతం. సుప్రీంకోర్టు 2023 జనవరి 2న 4-1 మెజారిటీతో రద్దు చెల్లుతుందని తీర్పిచ్చింది. జస్టిస్ బి.వి. నాగరత్న మాత్రం విభేదించారు. ప్రతిపాదన కేంద్రం నుంచి వచ్చింది కాబట్టి చట్టం ద్వారానే చేయాల్సిందని, రిజర్వు బ్యాంకు స్వతంత్రంగా ఆలోచించినట్టు కనిపించలేదని ఆమె రాశారు. తీర్పు ఎటున్నా ఆ విభేదం లేవనెత్తిన ప్రశ్న కోర్టుది మాత్రమే కాదు, చట్టసభది కూడా. ఆరేళ్లు ఆగి కోర్టులో తేల్చుకోవాల్సిన సంగతి అది కాకూడదు.

ఎన్నికైనవారు ముందు విన్న ఫిర్యాదు

తాకట్టు లేకుండా పేదలకు చిన్న అప్పులిచ్చే మైక్రో ఫైనాన్స్ కంపెనీల వ్యవహారం తెలుగు నేలకు మరిచిపోలేనిది. డ్వాక్రా సంఘాల మహిళలకే ఒకరి మీద ఒకరు పోటీపడి అప్పులిచ్చి, వారం వారం ఇంటిముందు కూర్చుని వసూలు చేసిన కంపెనీలు చాలావరకు రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైనవే. ఒకే ఇంట్లో మూడు నాలుగు అప్పులు, ఒకటి తీర్చడానికి ఇంకొకటి. ఆ గోడు మొదట విన్నది ముంబైలోని నియంత్రణ సంస్థ కాదు, ఊళ్లలో తిరిగే సర్పంచులు, ఎమ్మెల్యేలు. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది: జిల్లాలో నమోదు తప్పనిసరి, వసూళ్లు నెలవారీగా, పంచాయతీ కార్యాలయం వంటి నలుగురున్న చోటే జరగాలి, వడ్డీ మొత్తం అసలును దాటకూడదు. వేధింపులు ఆగాయి. కానీ వసూళ్లు కుప్పకూలాయి, ఆ కంపెనీలకు బ్యాంకులు డబ్బివ్వడం మానేశాయి, నిజంగా అవసరమైన ఇంటికీ చిన్న అప్పు పుట్టలేదు. చాలామంది మళ్లీ నూటికి మూడు, నాలుగు రూపాయల వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కాల్సి వచ్చింది.

రిజర్వు బ్యాంకు ఆ తర్వాత మాలెగామ్ కమిటీని వేసింది. 2011లో వడ్డీకి 26 శాతం పరిమితి పెట్టింది, ఊరి లెక్కలో రెండు రూపాయల పదిహేడు పైసలు. మైక్రో ఫైనాన్స్ కంపెనీలకు వేరే వర్గం ఏర్పాటు చేసింది. 2022లో పరిమితి ఎత్తేసి, మూడు లక్షల లోపు వార్షికాదాయం ఉన్న కుటుంబం కట్టే వాయిదాలన్నీ కలిపి ఆదాయంలో సగం దాటకూడదన్న నియమం తెచ్చింది. రాష్ట్ర చట్టం రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన కంపెనీలకు వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తేల్చింది.

ఈ ఉదంతంలో ఇరువైపులా తప్పుంది. సమాచారం ఎన్నికైనవారి దగ్గరుంది, పనిముట్టు రిజర్వు బ్యాంకు దగ్గరుంది. ఒకరి మాట ఇంకొకరికి చేరే మెట్టు లేదు. రెండేళ్ల ముందే స్థాయీ సంఘం ముందు గవర్నరును కూర్చోబెట్టి 'ఒకే సభ్యురాలికి నాలుగు కంపెనీలు ఎలా అప్పిస్తున్నాయి, మీ తనిఖీలో ఇది కనపడలేదా' అని అడిగి ఉంటే ఆర్డినెన్సు దాకా వచ్చేదే కాదేమో.

బంగారం తాకట్టు రుణాల మీద 2025లో జరిగింది దీనికంటే మెరుగు. ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు ముసాయిదా పెట్టింది, ఆదాయం నిరూపించాలన్న షరతు చిన్న రైతును, కూలీని వడ్డీ వ్యాపారి దగ్గరికి తోలుతుందని అభ్యంతరాలు వచ్చాయి, చిన్న రుణాలను మినహాయించాలని ఆర్థిక శాఖే సూచించింది. జూన్‌లో వచ్చిన తుది ఆదేశాల్లో రెండున్నర లక్షల లోపు అప్పుకు బంగారం విలువలో 85 శాతం దాకా ఇవ్వవచ్చన్నారు, అంతకుముందు 75. అయితే అసలు, వడ్డీ చివర్లో ఒకేసారి కట్టే పద్ధతిలో ఆ 85 శాతంలోనే వడ్డీ కూడా కలిసి ఉండాలి. లక్ష విలువైన నగకు 9 శాతం వడ్డీతో ఏడాదికి తీసుకుంటే చేతికొచ్చేది 85,000 కాదు, 78,000 లోపే. ఇలాంటి మెలికలు పత్రికా ప్రకటనల్లో కనపడవు. సంఘంలో గంటసేపు ప్రశ్నలు వేస్తే బయటికొస్తాయి.

ఎంపీ చేతిలో ఇప్పుడున్నవి

లోక్‌సభలో నక్షత్రం గుర్తు ప్రశ్నకు పదిహేను రోజుల ముందు నోటీసివ్వాలి. రోజుకు ఇరవై ప్రశ్నలు జాబితాలోకి వస్తాయి, నోటితో జవాబు అందేది వాటిలో కొన్నింటికే. జవాబు చెప్పేది ఆర్థిక మంత్రి. గవర్నరు సభలోకి రారు. రిజర్వు బ్యాంకు పంపిన సమాచారాన్ని మంత్రి చదువుతారు, అనుబంధ ప్రశ్న లోతుకు వెళ్తే అది స్వతంత్ర సంస్థ నిర్ణయమన్న మాటతో అక్కడికి ఆగుతుంది. మంత్రులు ప్రశ్నలు వేయరు, స్థాయీ సంఘాల్లో సభ్యులూ కాలేరు. శ్రీకాకుళం ఎంపీ 2024 జూన్ నుంచి కేంద్ర మంత్రి కాబట్టి ఆ నియోజకవర్గానికి ఈ దారి ప్రస్తుతానికి మూసుకున్నట్టే.

అసలు పనికొచ్చే చోటు ఆర్థిక స్థాయీ సంఘం: లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది. గవర్నరును పిలవగలదు, పిలుస్తుంది కూడా. లోపాలు మూడున్నాయి. ఎప్పుడు పిలవాలన్న నియమిత కాలం లేదు, గొడవ ముదిరాక పిలుస్తారు. సమావేశాలు రహస్యంగా జరుగుతాయి, నివేదిక వచ్చేసరికి నెలలు గడుస్తాయి. వడ్డీ, ధరలు, బ్యాంకు తనిఖీ లెక్కల్లో సభ్యులకు సాయపడే నిపుణ సిబ్బంది చాలా తక్కువ. మూడోదాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ అన్నిటికంటే ముఖ్యమైనది అదే. నూరు పేజీల ద్రవ్య విధాన నివేదికను రాత్రికి రాత్రి చదివి గవర్నరును ఇరుకున పెట్టడం ఎంతటి ఎంపీకైనా అయ్యే పని కాదు.

ఖర్చులు, నిధులు పోను రిజర్వు బ్యాంకు కేంద్రానికి ఇచ్చే మిగులు సంగతీ ఇక్కడే చూడాలి. 2024-25కు కేంద్రానికి ఇచ్చింది 2,68,590 కోట్లు. బడ్జెట్ పత్రాల్లో ఇది ప్రభుత్వ బ్యాంకులు, ఆర్థిక సంస్థల డివిడెండ్లతో కలిపి ఒకే పద్దులో కనిపిస్తుంది. మిగులు తేల్చే ముందు ఆపద నిధికి ఆస్తుల్లో ఎంత శాతం పక్కన పెట్టాలన్నది కీలకం. మాజీ గవర్నరు బిమల్ జలాన్ కమిటీ 5.5 నుంచి 6.5 శాతం అంది. 2025 మేలో ఆ పట్టీని 4.5 నుంచి 7.5 శాతానికి వెడల్పు చేశారు. పట్టీ వెడల్పయ్యేకొద్దీ ఏ ఏడాది ఎంత ఇవ్వాలన్నదానిలో బోర్డు ఇష్టానికి చోటు పెరుగుతుంది. ఆ ఏడాది బోర్డు పైకొస అయిన 7.5నే ఎంచుకుంది, జాగ్రత్తగానే ఉంది. రేపు ఎన్నికల ఏడాదిలో కిందికొస ఎంచుకుంటే కారణం అడిగేదెవరు?

అడగాల్సిన తీరు

పార్వతీపురం సబ్‌కలెక్టరుగా ఉద్యోగం మొదలుపెట్టి 2008 నుంచి 2013 దాకా గవర్నరుగా చేసిన దువ్వూరి సుబ్బారావు, పదవి దిగే ముందు చేసిన ప్రసంగంలో ఒక సూచన చేశారు. గవర్నరు ఏడాదికి రెండుసార్లు స్థాయీ సంఘం ముందుకు వెళ్లి విధానాలు, ఫలితాలు వివరించి ప్రశ్నలకు జవాబివ్వాలని, దానివల్ల రిజర్వు బ్యాంకు స్వతంత్రతకూ రక్షణ దొరుకుతుందని. వడ్డీ విషయంలో ఆర్థిక శాఖతో ఐదేళ్లు తలపడిన మనిషి చెప్పిన మాట కాబట్టి దానికి బరువెక్కువ. ఆర్థిక శాఖ ఒత్తిడి చేస్తే గవర్నరుకు ఇప్పుడున్నది రాజీనామా ఒక్కటే. సభ ముందు మాట్లాడే నియమిత వేదిక ఉంటే, నోరు విప్పి చెప్పే దారి దొరుకుతుంది. ఒత్తిడి చేసేవారు కూడా వెనక్కి తగ్గుతారు.

ద్రవ్య విధాన నివేదిక ఆరు నెలలకోసారి ఎలాగూ వస్తుంది. అది వచ్చిన నెలలోపు విచారణ పెట్టాలి, ప్రత్యక్ష ప్రసారం చేయాలి. బ్యాంకుల తనిఖీ వివరాలు, డాలరు నిల్వల వ్యూహం లాంటివి మాత్రం మూసిన గదిలోనే అడగాలి. ఫలానా వ్యాపారి అప్పు ఖాతా గురించి అడగడం, వచ్చే సమావేశంలో రేటు ఎంత చేస్తారని అడగడం కుదరదు. మొదటిది చట్టం ఒప్పుకోదు, రెండోది జవాబు కాకుండా బేరమవుతుంది. గడిచిన ఆరు నెలల అంచనా ఎంత, జరిగింది ఎంత, తేడా ఎందుకు వచ్చింది అన్నదే అసలు ప్రశ్న. దాని వెనకే, రెపో తగ్గినప్పుడు పాత అప్పులకు ఎన్ని నెలల్లో తగ్గింది, పెరిగినప్పుడు ఎన్ని నెలల్లో పెరిగింది అన్నది రావాలి.

ధర పడిపోయినప్పుడూ అడగాలి. 2025 అక్టోబరులో చిల్లర ద్రవ్యోల్బణం 0.25 శాతానికి దిగింది. కొనేవారికి ఊరట, కూరగాయలు పండించినవారికి దెబ్బ. 2012 ఆధార సంవత్సరంతో ఉన్న ధరల సూచీలో ఆహారానికి దాదాపు 46 శాతం బరువు ఉండేది. ఆ సూచీని 4 శాతం దగ్గర పట్టి ఉంచడమంటే చాలావరకు రైతు అమ్మే సరుకు ధరను పట్టి ఉంచడమే. ఆ లక్ష్యాన్ని నిర్ణయించేటప్పుడు వ్యవసాయ జిల్లాల ఎంపీలు అభిప్రాయం చెప్పే చోటు చట్టంలో లేదు. కేంద్రం, రిజర్వు బ్యాంకు సంప్రదించుకుని గెజిట్‌లో వేస్తాయి. గెజిట్‌కు ముందు ఒక్క రోజైనా సభలో చర్చ జరగాలి. గోల్ ఎక్కడ పెట్టాలో సభ చెప్పడం న్యాయం. బంతిని ఎలా తన్నాలో చెప్పకపోవడం వివేకం.

ఇక చట్టంలో మార్చాల్సింది కొంచెమే. సెక్షన్ 7 ఆదేశమిస్తే నిర్ణీత రోజుల్లో కారణాలతో సభ ముందు పెట్టాలి. గవర్నరును తొలగిస్తే కారణం రాసి పెట్టాలి. పదవీకాలం ఐదేళ్లకు స్థిరపరచాలి. సెక్షన్ 45జడ్‌ఎన్‌లో 'కేంద్ర ప్రభుత్వానికి' అన్నచోట 'పార్లమెంటు ఉభయ సభలకు' అని కూడా చేర్చాలి.

చివరి మార్పుకు కావాల్సింది ఒక్క పంక్తి. 2022 నవంబరు నివేదికలో, ధరలు ఎప్పటికి లక్ష్యానికి తిరిగి వస్తాయో ఒక గడువు రాసి ఉండాలి, చట్టం కోరింది అదే. 6.5 దగ్గర రెండేళ్లు నిలిచిన రెపో 2025 ఫిబ్రవరి నుంచి దిగి, ఆ ఏడాది డిసెంబరుకు 5.25కు చేరింది. రాసిన గడువు నిలబడిందా, తప్పిందా, తప్పితే ఎంత తప్పింది అన్నది ఆ రెండేళ్లూ నెలకు మూడు వేలు ఎక్కువ వాయిదా కట్టిన విజయనగరం ఉద్యోగి తెలుసుకోవాలి. ఆయన ఓటేసి పంపిన ఎంపీకైతే ఆ లేఖ ముందే అంది ఉండాల్సింది.